సీసానికి పేరంటం

మా ఇంట్లో ముగ్గురం సీసం మీదే బతికాం. మా నాన్న అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చాడు. మా తమ్ముడు ఫణీంద్ర పాత బ్యాటరీలు విప్పి సీసపు పలకలు కరిగించాడు. నేను సీస పద్యాలు రాశాను. ఈ మూడింటిలోనూ నా సీసమే ఎవరికీ హాని చెయ్యలేదు, ఎవరూ చదవలేదు కనుక.

ఈ మాట పెళ్ళిళ్ళలోనూ సన్మాన సభల్లోనూ చాలాసార్లు వాడుకున్నాను. ఓ ఏడాది వానాకాలంలో వాడటం మానేశాను. మా తమ్ముడి కూతురు సాహితి, మూడో తరగతి పిల్ల, పలక మీద తన పేరు రాయబోయి 'సా' దగ్గర ఆగిపోయింది.

"తర్వాతది ఏంటి పెదనాన్నా?" అంది.

ఆటపట్టిస్తోందనుకున్నాను. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆవర్తన పట్టిక పాఠం మొదలుపెడితే క్లాసులో ఆవలింతల పట్టిక తయారవుతుంది. నా మాట మెలకువగా వినే ఒకే ఒక్క శిష్యురాలు సాహితి. కుళాయి నీళ్ళలో వాసన క్లోరిన్‌దనీ, బుడగను పైకి లేపేది హీలియమనీ, బామ్మల తమలపాకుకి రాసే సున్నంలోనూ మన ఎముకల్లోనూ ఉండేది ఒకే కాల్షియమనీ దానికి నోటికొచ్చు. నా జోకు ఏదైనా ఒక్కసారే నవ్వుతుంది. రెండోసారి వేస్తే చెయ్యి అడ్డం పెట్టి, "పాతది" అంటుంది. ఆ పిల్ల చేత 'పాతది' అనిపించుకోకూడదని వారమంతా కొత్త జోకులు వెతుక్కునేవాణ్ణి.

అది పలక వంక చూస్తూ ఉండిపోయింది. ఆట కాదు.

రక్తపరీక్షలో సీసం తేలింది. పిల్లల ఒంట్లో అసలు ఉండకూడనంత.

"పెన్సిళ్ళు తెగ నముల్తుంది. అందులోదా బావగారూ?" అంది మరదలు విమల ఆశగా.

"కాదమ్మా. పెన్సిల్లో ఉండేది బొగ్గుకి చుట్టం, కార్బన్. అది ఎవరి జోలికీ పోదు."

అక్కడున్న అందరం ఫణీంద్ర వంక చూడకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డాం. ఇంటి వెనకే వాడి షెడ్డు. ఆ సాయంత్రమే షెడ్డుకి తాళం పడింది. నేల కడిగించాడు, గోడలకి సున్నం కొట్టించాడు, బట్టలు తగలబెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ రోజునుంచి కూతుర్ని ముట్టుకోవడం మానేశాడు. అది పరిగెత్తుకొస్తే వాడు చేతులు వీపు వెనక దాచుకుని వెనక్కి నడిచేవాడు. కొన్నాళ్ళకి అది పరిగెత్తడం మానేసింది.

మందులిస్తే సీసం దిగేది, కొన్ని వారాలకి మళ్ళీ ఎక్కేది. ఎముకల్లో దాక్కున్నది తిరిగి రక్తంలోకి వస్తోందని డాక్టరు అన్నాడు. ఎముక ఖాళీ అయ్యేదాకా ఇంతే. ఈలోగా సాహితికి ఎక్కాలు పోయాయి, పద్యాలు పోయాయి, పక్కింటి స్నేహితురాలి పేరు పోయింది.

మిగిలిన దారి నా భార్య దగ్గరుంది.

ఇందుమతి మూలకాల పరిశోధనశాలలో పనిచేస్తుంది. మూలకం అంటే అన్నిటికీ మూలం. ఆమె పరిశోధనకి మూలం మా వంటింటి మూల. ఆమె కట్టిన యంత్రానికి ఇంగ్లీషులో బారెడు పేరుంది. నేను 'పేరంటం' అంటాను. బొట్టుపెట్టి పిలిచినవాళ్ళే పేరంటానికి వస్తారు కదా, ఇదీ అంతే. అడుగున ఒక మూలకం ముక్క పెట్టి మీట నొక్కితే ఆ ముక్క సన్నగా అదురుతుంది. దగ్గర్లో ఏ వస్తువులో అదే మూలకం ఉన్నా, ఆ వస్తువుని వదిలి పైనున్న పళ్ళెం మీదికి నడిచి వస్తుంది. పిలవని మూలకం ఉలకదు, పలకదు.

మొదట్లో చిన్న నమూనా ఇంట్లోనే పెట్టి చూసింది. జింకుని పిలిస్తే మా బకెట్టు పైపూత లేచి వచ్చింది. అంతవరకూ జింకు తొడుక్కుని వానకి జంకని బకెట్టు కాస్తా వారం తిరక్కుండా తుప్పుపట్టింది. అయోడిన్‌ని పిలిస్తే ఉప్పు డబ్బాలోంచి ఊదారంగు మరక వచ్చి పళ్ళేనికి అంటుకుంది. తగరాన్ని పిలిచిన రోజు పెద్ద గొడవైంది. మా అమ్మ ఇత్తడి గిన్నెకి వేయించుకున్న కళాయి మొత్తం ఊడొచ్చింది, కళాయి అంటే తగరమే కనుక. అది చూసుకోక అమ్మ అందులో చింతపండు చారు కాచి, చిలుము వాసనకి అంతా పారబోసింది.

"నీ పేరంటానికి నా గిన్నెని ఎందుకు పిలిచావమ్మాయ్?"

"గిన్నెని కాదత్తయ్యా, తగరాన్ని పిలిచాను."

"తగరాన్ని పిలవడం నీకు తగునా?" అన్నాను నేను. అత్తాకోడళ్ళిద్దరూ కలిసి నావంక చూసిన చూపుకి థర్మామీటర్లో పాదరసం కూడా గడ్డకట్టి ఉండేది.

ఆ యంత్రమే పెద్దదై మంచమంత అయ్యింది. ఒంట్లోంచి సీసాన్ని పిలవడానికే ఇందుమతి దాన్ని కట్టింది. కుందేళ్ళ మీద పని చేసింది. మనుషుల మీద ఇంకా లేదు.

"వదినా, దాన్ని నీ యంత్రం మీద పడుకోబెట్టు," అన్నాడు ఫణీంద్ర ఒకనాడు మా గుమ్మం బయటే నిలబడి. వాడు ఎవరింట్లోకీ రావడం లేదు.

"అనుమతి రాలేదు ఫణీ."

"దానికి ఆ 'సా' కూడా పోయేలోపు వస్తుందా?"

ఇందుమతి మర్నాడే బయల్దేరింది. పైవాళ్ళ చుట్టూ తిరిగి, అత్యవసరం అని ఒప్పించి, ఒక్క మనిషికి అనుమతి తెచ్చింది. తెచ్చాక తనే భయపడింది. మా అందర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఎముకలోంచి బయల్దేరిన సీసం రక్తంలోకి వస్తుంది. అక్కణ్ణించి అరికాళ్ళ చర్మం గుండా పళ్ళెం మీదికి దిగాలి. బయల్దేరినంతా దిగితే మంచిదే. ఒక్కసారిగా ఎక్కువ బయల్దేరితే మాత్రం దారిలో కిక్కిరిసిపోయి మెదడులోకి తోసుకెళ్తుంది. అప్పుడిక అక్షరాలే కాదు."

"మరి తెలిసేదెట్లా?" అంది విమల.

"పళ్ళెం కింద ముల్లుంది. ఎంత దిగిందో చూపిస్తుంది. ముల్లు లేస్తే దారి బాగుందని లెక్క, యంత్రమే పిలుపు పెంచుతుంది. పడితే తగ్గిస్తుంది."

"ముల్లు తప్పు చూపిస్తే?" అన్నాడు గుమ్మం బయటి మనిషి.

"చూపించదు ఫణీ. సీసానికి తప్ప దేనికీ కదలదది."

ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. మమ్మల్ని ముంచబోయింది ఆ నిజమే.

ప్రయోగం పరిశోధనశాలలో ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. పక్కగదిలో పిల్లల డాక్టరుగారు సిద్ధంగా ఉన్నారు. ఇందుమతి సాహితికి తనే స్నానం చేయించింది. గాజులు, పట్టీలు, మొలతాడు, క్లిప్పులు అన్నీ తీసింది. కళ్ళ కాటుక కడిగింది. బుగ్గమీద దిష్టిచుక్క తుడిచింది. తెల్లటి నూలు గౌను తొడిగి, మా అమ్మకి అప్పగించి, యంత్రం సరిచూసుకోవడానికి లోపలికి వెళ్ళింది.

"చుక్క తుడిచేసింది," అంది అమ్మ నాతో. "ఇంతమంది చూసే చోట చుక్క లేకుండానా?"

"అక్కడ దిష్టి ఉండదమ్మా, దృష్టే ఉంటుంది," అన్నాను. ఆవిడ మూతి తిప్పుకుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

గదిలో నా పని ఒక్కటే. సాహితి తల దగ్గర కూర్చుని కబుర్లు చెబుతూ ఉండాలి. తెలివి చెదిరితే మాటలోనే ముందు తెలుస్తుందని డాక్టరుగారు చెప్పారు. మా కుటుంబంలో నా నోటికి పని పడటం అదే మొదలు. అద్దపు గోడ అవతల ఫణీంద్ర, విమల, అమ్మ నిలబడ్డారు. మంచం చివర ఒకే ముల్లుకి కలిపిన రెండు గాజు పళ్ళేలు, వాటిమీద సాహితి రెండు అరికాళ్ళు. పైన దుప్పటి. ఇందుమతి మీట నొక్కింది.

"ఉప్పులో ఉండేవాడు, కుళాయిలో వాసనేసేవాడు, ఎవడు?"

"క్లోరిన్."

"ఆకుకూరలో దాక్కుని రక్తంలోకి దూకేవాడు?"

"ఇనుము. ఇది పోయినేడు అడిగావు పెదనాన్నా."

ఇందుమతి నావంక చూసి తలాడించింది. ముల్లు మెల్లగా కదిలింది.

"సరే, కొత్తది. ఇనుముకి తుప్పు పడుతుంది. బంగారానికి ఎందుకు పట్టదు?"

సాహితి కాసేపు ఆలోచించింది. "గాలితో కలవదు కాబట్టి."

"అది పుస్తకంలో జవాబు. అసలు జవాబు వేరే. బంగారం బీరువా దిగి వానలో పని చేసిందెప్పుడు? పని చేసేవాడికే తుప్పు."

అది పకపకా నవ్వింది. అద్దం అవతల విమల కళ్ళు తుడుచుకుంది. ముల్లు జోరుగా లేచింది. యంత్రం రొద ఒక మెట్టు పెరిగింది.

"ఎంత బాగా దిగుతోందో," అంది ఇందుమతి. ఆమె గొంతులో అంత ఊపిరి చాలా రోజులకి విన్నాను. "కుందేళ్ళకి కూడా ఇంత బాగా రాలేదు."

ముల్లు ఇంకా లేచింది. రొద ఇంకా పెరిగింది. నేను రాగి గురించి అడిగాను, కరెంటు తీగ అంది. అల్యూమినియం గురించి అడిగాను, అన్నం గిన్నె అంది. గంధకం గురించి అడిగితే కొంచెం ఆగి అగ్గిపెట్టె అంది. నా సరుకు అయిపోయింది. ఏం అడగాలో తోచక, పాతదనిపించుకుందామనే, బంగారం జోకు మళ్ళీ వేశాను.

సాహితి పకపకా నవ్వింది.

'పాతది' అనలేదు. గారానికి నవ్విందేమో అనుకున్నాను. నన్ను సంతోషపెట్టడానికేమో అనుకున్నాను. చూద్దామని, ఒక్క అక్షరం మార్చకుండా మూడోసారి వేశాను.

"ఇనుముకి తుప్పు పడుతుంది. బంగారానికి ఎందుకు పట్టదు?"

"ఎందుకు పెదనాన్నా?" అంది అది కళ్ళు పెద్దవి చేసి. జవాబు చెప్పాను. మొదటిసారి నవ్వినట్టే నవ్వింది.

"ఇందూ, ఆపు."

"ముల్లు బాగుందండీ. నవ్వుతోంది కదా."

"అందుకే ఆపు. అదే జోకుకి మూడోసారి నవ్వింది."

ఇంకెవరైనా అయితే నన్ను బయటికి పంపేవారు. ఇందుమతి ఇరవై రెండేళ్ళుగా నాతో కాపురం చేస్తున్న మనిషి. నా జోకుకి రెండోసారి నవ్వడం ఎంత అసహజమో ఆమెకి తెలిసినంతగా ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఆమె ఒక్క అంగలో మంచం చివరికి వెళ్ళి దుప్పటి ఎత్తింది.

కుడి పళ్ళెం మీద ఉందా లేదా అన్నట్టు పల్చటి బూడిద నూగు. ఎడమ పళ్ళెం మీద మందంగా పేరుకుపోయిన బూడిద. ఎడమ పాదం ఎత్తి చూసింది. అరికాలి మధ్యలో రూపాయి బిళ్ళంత నల్లటి చుక్క.

"ముల్లు చూసింది దీన్ని," అంది. "ఎముకలోది దిగుతోందనుకుని యంత్రం పిలుపు పెంచుకుంటూ పోయింది. బయల్దేరిందంతా లోపలే ఉంది."

స్పిరిట్ దూదితో చుక్క తుడిచింది, పళ్ళెం తుడిచింది. ముల్లు దబ్బున కింద పడింది. నేను మీట వైపు చెయ్యి చాపాను.

"ముట్టుకోవద్దు. పూర్తిగా ఆపితే రక్తంలో ఉన్నది బయటికి రాదు. పిలుపు చేత్తో తగ్గిస్తాను. ఎముకకి వినపడకూడదు, రక్తానికి మాత్రమే వినపడాలి." యంత్రం పక్కనున్న చిన్న చక్రాన్ని ఒక్కో గీతే వెనక్కి తిప్పింది. "మీరు మాట్లాడండి."

"సాహితీ, ఇటు చూడమ్మా. నీ పేరేంటి?"

అది నావంక చూసింది. పెదవులు కదిలాయి. 'సా' కూడా రాలేదు. చెయ్యి కొయ్యబారింది, కళ్ళు పైకి తిరిగాయి, ఒళ్ళంతా విల్లులా లేచింది. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి సూది వేశారు. అద్దానికి రెండు అరచేతులూ ఆనించి ఫణీంద్ర నిలబడి ఉన్నాడు. తలుపు తీసే ఉంది. వాడు లోపలికి రాలేదు. తన చేతుల మీద వాడికి అంత భయం.

పుట్టినప్పటినుంచీ మూతపడని నా నోరు ఆ మధ్యాహ్నం మూతపడింది.

మూర్ఛ తగ్గింది. పిల్ల నిద్రపోయింది. ముల్లు సున్నాకి దగ్గరగానే నిలబడి, చాలాసేపటికి ఒక వెంట్రుక వాసి లేచింది. రెండు పళ్ళేల మీదా సమంగా నూగు కనిపించడం మొదలైంది. ఇందుమతి అప్పుడు నేలమీద కూర్చుండిపోయింది.

పొద్దు వాలుతుండగా వరండాలోకి వచ్చాం. అమ్మ బల్లమీద కూర్చుని ఉంది.

"నేనే పెట్టాను," అంది ఎవరూ అడక్కముందే. "బుగ్గన పెడితే తుడిచేస్తారు. అరికాల్న ఎవరు చూస్తార్లే అనుకున్నా. కాటుకేగా అమ్మాయ్. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి నేనే పట్టిన మసి. కొన్నది కూడా కాదు."

"మసి కార్బన్ అత్తయ్యా. కార్బన్‌కి నా ముల్లు కదలదు," అంది ఇందుమతి మెల్లిగా. "ఆ కాటుక ఏది?"

అమ్మ సంచిలోంచి కాటుక భరిణె తీసింది. బొటనవేలంత ఎత్తు, బూడిదరంగు, మూతమీద తామరపువ్వు. దాన్ని నేను నా పుట్టుక నుంచీ చూస్తూనే ఉన్నాను. ఎన్నడూ చూడలేదు.

"మీ నాన్న పోయించి ఇచ్చారు. పెళ్ళైన కొత్తల్లో, అచ్చాఫీసులో అరిగిపోయిన అక్షరాలు కరిగించి. ఇందులో 'అ' నుంచి 'ఱ' దాకా అన్నీ ఉన్నాయే అనేవారు."

ఇందుమతి భరిణె తీసుకోలేదు. నావంక చూసింది. కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి నేను. అచ్చు అక్షరాలంటే సీసం. మసిలో కలిపే ఆముదం ఏళ్ళ తరబడి సీసంలో నిలవుంటే సీసాన్ని తనలోకి లాక్కుంటుంది. మగపిల్లలం కనుక ఫణీంద్రకీ నాకూ ఏడాది నిండేదాకానే కాటుక. సాహితి ఆడపిల్ల. పురిటిస్నానం నాటినుంచి ఈ ఉదయం దాకా, రోజూ. పిల్ల ఆ కళ్ళు నులుముకుంటుంది, ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంటుంది. మందులేసినా మళ్ళీ ఎక్కింది ఎముకలోంచి ఒక్కదాన్నించే కాదు.

"అచ్చు అక్షరాలు సీసంతోనే పోస్తారత్తయ్యా," అంది ఇందుమతి. 

"రోజూ పెట్టాను," అంది అమ్మ.  భరిణె ఒళ్ళో పెట్టుకుని, తన చూపుడువేలు చివర నల్లటి మరక వంక చూస్తూ కూర్చుంది.

నెలల తరబడి మోసిన నేరం తనది కాదేమోనని తెలిసిన మనిషి ఏమంటాడో అని నాకు భయమేసింది. ఫణీంద్ర వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. ఆ వేలు తన చేతిలోకి తీసుకున్నాడు. వాడు ఒక మనిషిని ముట్టుకోవడం చూసి ఎన్నాళ్ళైందో.

"నా షెడ్డుదీ ఉందిలేమ్మా అందులో," అన్నాడు. "ఒక్కదానివే మొయ్యకు."

సాహితి నాలుగో రోజుకి మాట్లాడింది. కొన్ని పేర్లు వచ్చాయి, కొన్ని రాలేదు. 'సా' వచ్చింది, 'హి'కి దీర్ఘం పెట్టాలో వద్దో తేల్చుకోలేక పెన్సిలు నమిలేది. బాగా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, మేం ఎవరమో గుర్తు చేసుకుంటున్నట్టు చూసేది. పూర్తిగా తిరిగొస్తుందా అంటే డాక్టరుగారు ఒట్టు వెయ్యలేదు. ఎముకల్లో ఇంకా ఉంది. మళ్ళీ పిలవాలి.

రెండోసారికి ముందు అమ్మ భరిణె కడిగి, పాత చీరముక్కలో చుట్టి, ఇందుమతి చేతిలో పెట్టింది.

"పిలవడానికి ఒక సీసం ముక్క కావాలంటివిగా. దీన్ని వాడు."

"మామయ్యగారి గుర్తు కదా అత్తయ్యా. ఇందులో తగరం, అంటిమొనీ కూడా కలిసుంటాయి. సీసం విడిగా తియ్యాలంటే రూపం మిగలదు."

"మిగలొద్దు. దాన్ని పిల్ల ఒంట్లోకి పంపింది ఇది. ఇది పిలిస్తేనే మర్యాద."

చిన్న నమూనా దగ్గర పెట్టి మీట నొక్కితే, తామరపువ్వు చూస్తుండగానే పొడిపొడిగా రాలిపోయింది. పళ్ళెం మీద మెరవని ముద్ద ఒకటి మిగిలింది. దాన్ని పేరంటం అడుగున పెట్టారు.

ఈసారి సాహితి అరికాళ్ళు ఇందుమతి స్వయంగా కడిగి, తుడిచి, వెలుగులో పెట్టి చూసింది. అమ్మ దూరంగా నిలబడింది, చేతులు రెండూ చీర కొంగులో చుట్టేసుకుని.

"నాయనమ్మా, చుక్క?" అంది సాహితి.

అమ్మ కదల్లేదు. ఇందుమతి తన సంచిలోంచి ఒక చిన్న బొగ్గు ముక్క తీసి ఆవిడకి అందించింది. "ఇది కార్బన్ అత్తయ్యా. పెట్టండి. బుగ్గమీదే పెట్టండి."

అమ్మ చెయ్యి పిల్ల బుగ్గదాకా వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. చుక్క వంకరగా పడింది.

ఫణీంద్ర మంచం పక్కన కూర్చుని కూతురి చెయ్యి పట్టుకున్నాడు. నేను తల దగ్గర నా కుర్చీలో. మీట నొక్కగానే ముల్లు ఉన్నచోటనుంచి కొంచెం లేచింది. ఇందుమతి పిలుపు పెంచలేదు. ముల్లు వంక చూడటం మానేసి నావంక చూసింది. అందరూ నావంకే చూశారు.  నాకు తెలిసిన జోకులన్నీ ఒక్కసారిగా పారిపోయి, ఒక్కటే మిగిలింది.

"సాహితీ, ఇనుముకి తుప్పు పడుతుంది. బంగారానికి ఎందుకు పట్టదు?"

అది పైకప్పు వంక చూసింది. వాళ్ళ నాన్న వంక చూసింది. నేను దాని పెదవులు చూస్తున్నాను. నవ్వకు తల్లీ అనుకున్నాను. జోకు వేసి నవ్వకూడదని మొక్కుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

సాహితి నాన్న చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని నా మొహానికి అడ్డం పెట్టింది.

"పాతది పెదనాన్నా," అంది విసుగ్గా.

ఇందుమతి పిలుపు ఒక్క గీత పెంచింది.